బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెడితే తలనొప్పి, వాంతులు. ఇది కుంపటి వల్లేనా?

భవానీపురం అమ్మ
జనవరి 3, రాత్రి 10.50

అందరికీ నమస్కారం. మాది విజయవాడ భవానీపురం, అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. మా అమ్మాయికి కాన్పయి 13 రోజులు. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు, పాప రెండు కేజీల ఏడు వందలు, ఇద్దరూ బాగానే ఉన్నారు. పాపను చూడటానికి వచ్చిన మా వియ్యపురాలు గారు వారం నుంచి మాతోనే ఉంటున్నారు. చాలా మంచావిడ, నాకంటే ఎక్కువగా అమ్మాయిని కనిపెట్టుకుని ఉన్నారు. ఆ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే నేను అడగబోయేది ఆవిడ మీద ఫిర్యాదు కాదు.

ఈ ధనుర్మాసం చలిలో పచ్చి బాలింతకి గాలి తగలకూడదని ఆవిడ ఊరి నుంచి మట్టి కుంపటి, ఒక సంచి బొగ్గులు తెప్పించారు. మొన్న రాత్రి తొమ్మిదింటికి బాల్కనీలో బొగ్గులు రాజేసి, పొగంతా పోయి ఎర్రగా అయ్యాక లోపలికి తెచ్చి మంచం పక్కన పెట్టాం, పైన గుప్పెడు వాము చల్లాం. కిటికీ అద్దాలు జరిపేసి, తలుపు వేసి, తలుపు కింద సందులో పాత చీర కూడా దోపాం. గదిలో నేను, అమ్మాయి, పాప. పదకొండు దాటాక అమ్మాయి తల పగిలిపోతోందమ్మా అంది. నిద్ర చాలక అనుకున్నాను. కాసేపటికి వాంతి వచ్చేలా ఉందని లేచి నిలబడబోయి తూలిపోయింది. నాకూ తల దిమ్ముగానే ఉంది కానీ పొద్దుటి నుంచి చాకిరీ కదా అని సరిపెట్టుకున్నాను. పాప పాలకి లేవాల్సిన టైమ్ దాటిపోయింది, కాలు గిల్లినా కళ్ళు తెరవలేదు. అప్పుడు నా గుండె ఝల్లుమంది. ఏం ఆలోచించకుండా తలుపు తీసి ఇద్దరినీ హాల్లోకి లాక్కొచ్చేశాను. అరగంటకి పాప ఏడ్చి పాలు తాగింది, అమ్మాయి తేరుకుంది, తలనొప్పి మాత్రం తెల్లారేదాకా వదల్లేదు. కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటర్ అమ్మాయి వేలికి పెడితే 98 చూపించింది, దాంతో ధైర్యం వచ్చి ఆస్పత్రికి వెళ్ళలేదు.

వదినగారేమో వాము ఘాటు పడలేదు, ఈసారి వాము లేకుండా పెడదాం అంటున్నారు. మా వారేమో గదిలో ఒక గిన్నె నిండా నీళ్ళు పెడితే చాలంటున్నారు. నాకు మాత్రం మళ్ళీ పెట్టాలంటే భయంగా ఉంది. ఇంకో సంగతి, ఆ గదికి ఆనుకుని ఉన్న బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉంది, అమ్మాయి స్నానం చేసి వచ్చాక కూడా ఒకటి రెండుసార్లు తల తిరుగుతోంది అంది. రెండిటికీ సంబంధం ఉందా? గది వెచ్చగా ఉంచటానికి వేరే దారి ఏముంది? పెద్దావిడ మనసు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలో కూడా ఎవరైనా చెప్పండి.


గుంటూరు నర్సు
జనవరి 3, రాత్రి 11.25

అక్కా, ముందు ఈ రాత్రికి కుంపటి పెట్టకండి. వాము లేకుండా కూడా వద్దు, గిన్నెడు నీళ్ళు పెట్టి కూడా వద్దు. నీళ్ళు గాలికి కాస్త తేమ ఇస్తాయంతే, బొగ్గుల్లోంచి వచ్చే విషవాయువుని పీల్చుకోవు.

రేపు పొద్దున్నే ఇద్దరినీ డాక్టరుకి చూపించండి. వెళ్ళినప్పుడు "మూసిన గదిలో రెండు గంటలు బొగ్గుల కుంపటి దగ్గర ఉన్నారు" అని నోరు తెరిచి చెప్పాలి. బాలింతకి తలనొప్పి అంటే డాక్టర్లు బీపీ వైపో, ఆపరేషన్‌కి వెన్నులో ఇచ్చిన మత్తు వైపో చూస్తారు, అవీ చూడాల్సినవే, కానీ మీరు కుంపటి మాట ఎత్తకపోతే అసలు సంగతి ఎవరికీ తట్టదు.

వాము పాపం ఏమీ చేయలేదు. బొగ్గు చాలినంత గాలి లేకుండా కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. పొగ పోయి ఎర్రగా అయిన నిప్పుల్లోంచి కూడా అది వస్తూనే ఉంటుంది. పొగ పోయింది కదా, ఇక పర్వాలేదని మనం లోపలికి తెచ్చుకునేది సరిగ్గా ఆ నిప్పులనే. అది ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి వెళ్ళి హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, దాంతో రక్తం తిరుగుతూనే ఉన్నా మెదడుకి, గుండెకి చేరాల్సిన ఆక్సిజన్ చేరదు. తలనొప్పి, తల తిరగటం, వికారం, ఒళ్ళు తూలటం, విపరీతమైన మగత, అన్నీ మీరు రాసినవే. జ్వరం లేకుండా ఒకే గదిలో ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి రాగానే తగ్గుతోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. పసిపిల్లలు మనకంటే వేగంగా ఊపిరి తీస్తారు, వాళ్ళ మీద త్వరగా పనిచేస్తుంది, పైగా తలనొప్పి అని చెప్పుకోలేరు, మగతగా పడుకుంటారు. పాప లేవకపోవటం చూసి మీరు తలుపు తీశారు చూడండి, ఆ ఒక్క పని మీ ఇంటిని కాపాడింది.

ఆక్సీమీటర్ సంగతి అందరూ గుర్తుపెట్టుకోవాలి. అది వేలిలోంచి వెలుతురు పంపి రక్తం ఎంత ఎర్రగా ఉందో చూసి అంకె చెబుతుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తం కూడా దానికి ఎర్రగానే కనిపిస్తుంది. అందుకే మనిషి స్పృహ తప్పుతున్నా 98, 99 చూపించొచ్చు. అసలు లెక్క తెలియాలంటే ఆస్పత్రిలో రక్తం తీసి చేసే పరీక్ష ఒకటుంది. మామూలు గాలి పీలుస్తుంటే రక్తంలో చేరినది సగానికి తగ్గటానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్క్ బిగించి పూర్తి ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నరలో సగమవుతుంది. కాబట్టి ఎప్పుడైనా ఇలా జరిగితే బయటికి తెచ్చి 108కి ఫోన్ చేయటమే, కాసేపు చూద్దాం అని కూర్చోకూడదు.

ఇక వెచ్చదనం మాట. మన విజయవాడ, గుంటూరులో జనవరి రాత్రి కూడా బయట 16, 18 డిగ్రీలు ఉంటుంది, మూడో అంతస్తు స్లాబు ఇంట్లో లోపల అంతకంటే ఎక్కువే. నెలల పిల్లలున్న గది 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే బాగుంటుంది. దానికి కుంపటి అక్కర్లేదు, ఫ్యాన్ ఆపి, గాలి నేరుగా మంచం మీదకి రాకుండా కిటికీ ఒక పక్క వేసి, రెండో పక్క జానెడు తీసి ఉంచితే చాలు. పాపకి టోపీ, సాక్సులు, మీరు వేసుకున్నదాని మీద ఒక్క పొర ఎక్కువ. అన్నిటికంటే వెచ్చనిది తల్లి ఒళ్ళు. పాపకి డైపర్, టోపీ మాత్రం ఉంచి తల్లి ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి పైన దుప్పటి కప్పండి. బరువు తక్కువ పిల్లల్ని మా వార్డులో ఇలాగే కాపాడతాం.

పాపకి చలేస్తోందో లేదో తెలుసుకోవటానికి మా పెద్ద సిస్టర్లు నేర్పిన పద్ధతి చెబుతాను. మీ అరచేతి వెనక వైపుతో ముందు పాప పొట్ట, తర్వాత పాదాలు ముట్టుకోండి. రెండూ వెచ్చగా ఉంటే హాయిగా ఉన్నట్టు. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే చలేస్తున్నట్టు, అప్పుడు ఒంటికి పట్టుకోండి. రెండూ చల్లబడితే ఆస్పత్రికి పరుగెత్తాలి. వేడి నీళ్ళ సీసాలు, రబ్బరు సంచులు పాప పక్కన పెట్టొద్దు, ఆ లేత చర్మం ఇట్టే కాలిపోతుంది.


బ్రాడీపేట మాస్టారు
జనవరి 4, ఉదయం 6.10

అమ్మా, నాకు 71. మేం ఐదుగురం పుట్టింది పొన్నూరు దగ్గర మా అమ్మమ్మ గారింట్లో, ఐదు పురుళ్ళకీ నులక మంచం కింద కుంపటే. ఎవరికీ ఏమీ కాలేదు. నర్సమ్మగారు చెప్పింది అబద్ధమని నేను అనను, కానీ తరతరాలుగా చేసింది ఒక్కసారిగా విషం ఎలా అయిందో నాకు అర్థం కావటం లేదు. తెలిసినవారు విడమరిచి చెబితే వింటాను.


గుంటూరు నర్సు
జనవరి 4, ఉదయం 7.40

మాస్టారూ, మీరు అడగాల్సిన మాటే అడిగారు. ఒక్కసారి మీ అమ్మమ్మ గారిల్లు కళ్ళ ముందుకి తెచ్చుకోండి. పెంకుటిల్లు అయి ఉంటుంది. పెంకుకీ పెంకుకీ మధ్య సందు, గోడకీ వాసాలకీ మధ్య పిచ్చుకలు దూరేంత ఖాళీ, చెక్క తలుపు రెక్కల మధ్య వేలు పట్టే చీలిక. కుంపటి వేడి పైకి లేచి ఆ వాయువుని కూడా తోసుకుంటూ పెంకుల్లోంచి వెళ్ళిపోయేది. ఆ ఇంటికి కప్పే పొగగొట్టం. ఇప్పుడు అక్క వాళ్ళ గది చూడండి, పైన స్లాబు, కిటికీకి రబ్బరు పట్టీ వేసిన అల్యూమినియం అద్దాలు, ఏసీ కోసం వెంటిలేటర్‌కి అట్ట కొట్టి ఉంటారు, తలుపు కింద చీర. కుంపటి అదే, బొగ్గూ అదే, ఇల్లు మారింది.

ఇంకో మాట, ఎవరికీ ఏమీ కాలేదని మనం అనుకుంటాం గానీ అప్పట్లో రాత్రికి రాత్రి పోయిన పసిబిడ్డల్ని గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో అనుకుని ఊరుకున్నవాళ్ళు ఎందరో. కారణం వెతికినవాళ్ళు లేరు.


బ్రాడీపేట మాస్టారు
జనవరి 4, ఉదయం 8.15

నిజమేనమ్మా. మీరు రాశాక గుర్తొచ్చింది. మా అమ్మమ్మ కుంపటి పెట్టినన్ని రోజులూ ఆ గది తలుపు పూర్తిగా వేయనిచ్చేది కాదు, గడప మీద రోకలి అడ్డం పెట్టేది. దయ్యాలు రాకుండా అని మాకు చెప్పేది. రోకలి ఉంటే తలుపు పడదు కదా. రాత్రి పడుకునే ముందు నిప్పులు తీసుకెళ్ళి దొడ్లో బూడిదలో పూడ్చేది కూడా. భవానీపురం చెల్లెమ్మా, మీ వియ్యపురాలు గారికి ఈ రోకలి సంగతి చెప్పి చూడండి, ఆవిడ వైపు పెద్దవాళ్ళు కూడా అలాగే చేసి ఉంటారు, ఆవిడకీ గుర్తుకురావచ్చు. పెద్దవాళ్ళది తప్పు అనటం కంటే పెద్దవాళ్ళు చేసిన దాంట్లో సగం మనం మర్చిపోయాం అంటే బాగుంటుంది.


సింగ్‌నగర్ గీజర్ మెకానిక్
జనవరి 4, మధ్యాహ్నం 1.30

మేడమ్, కుంపటి గురించి నర్సుగారు చెప్పేశారు, నేను గీజర్ గురించి చెబుతాను, ఎందుకంటే మీ కేసులో రెండు దెబ్బలూ ఒకే గదికి తగులుతున్నాయి. 19 ఏళ్ళుగా ఇదే పని నాది.

గ్యాస్ గీజర్ బాత్రూం లోపల ఉండకూడదు. సిలిండర్ బయట పెట్టాం కాబట్టి సేఫ్ అనుకుంటారు చాలామంది, సిలిండర్ బయట పెడితే లీకేజీ భయం తగ్గుతుంది, కానీ మంట మండేది లోపలే కదా. ఆరు లీటర్ల గీజర్ నిమిషంలో తాగే గ్యాస్ మీ వంటింటి స్టవ్ ఒక బర్నర్ తాగేదానికి నాలుగైదు రెట్లు ఉంటుంది. అంత మంటకి కావాల్సిన గాలి ఐదడుగులు ఆరడుగుల బాత్రూంలో ఎక్కడుంది? ఉన్న ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట సరిగా కాలక అదే కార్బన్ మోనాక్సైడ్ కక్కుతుంది. మొదట స్నానం చేసినవాళ్ళు బాగానే వస్తారు, వెంటనే రెండోవాళ్ళు, మూడోవాళ్ళు వెళ్ళినప్పుడే పడిపోతారు. ఇరవై నిమిషాలకి దానంతట అదే ఆగిపోతుంది కదా అంటారు, మూసిన బాత్రూంలో ఇరవై నిమిషాలు ఎక్కువే.

సరైన పద్ధతి, గీజర్‌ని బయట బాల్కనీలోనో యుటిలిటీలోనో గోడకి బిగించి వేడి నీళ్ళ పైపు ఒక్కటే లోపలికి తేవటం. అది అయ్యేదాకా ఏం చేయాలంటే, బాత్రూం తలుపు, వెంటిలేటర్ బార్లా తీసిపెట్టి బకెట్లు నింపుకోండి, గీజర్ ఆపండి, ఐదు పది నిమిషాలు గాలి ఆడనివ్వండి, అప్పుడు అమ్మాయిగారిని పంపండి. లోపల గడియ పెట్టుకోవద్దని చెప్పండి. బాలింత కాబట్టి బయట ఒక మనిషి ఉండి రెండు నిమిషాలకోసారి పలకరిస్తూ ఉండండి.

ఇప్పుడే వెళ్ళి ఒకటి చూడండి. తలుపు తీసి ఉంచి గీజర్ ఆన్ చేసి దాని కిటికీలోంచి మంట చూడండి. నీలంగా, చిన్నగా, నిలకడగా ఉండాలి. పసుపు నాలుకలు లేస్తుంటే, గీజర్ పైన గోడ మీద నల్లటి మసి గీతలుంటే బర్నర్ మూసుకుపోయింది, ఇక వాడొద్దు. కానీ నీలంగా ఉంది కదా అని తలుపులు మూసుకోవద్దు, మంట నీలంగా ఉన్నప్పుడు కూడా గాలి లేకపోతే ప్రమాదమే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి మా సింగ్‌నగర్ మునిగినప్పుడు నీళ్ళలో నానిన గీజర్లు వందల కొద్దీ చూశాను. విప్పితే బర్నర్ రంధ్రాల నిండా ఒండ్రు గట్టిపడి ఉండేది. ఎండబెట్టాం, వెలుగుతోంది, బిగించెయ్యి అనేవారు. నేను బిగించలేదు, కొందరు కోప్పడ్డారు. వాళ్ళలో ఒకాయన వేరేవాళ్ళతో బిగించుకుని, పదిహేను రోజులకి వాళ్ళ అబ్బాయి బాత్రూంలో పడిపోతే నాకే ఫోన్ చేశాడు. తలుపు పగలగొట్టి తీశారు. బతికాడు. ఆ తలుపు రెక్క ఇప్పటికీ నా కళ్ళలో ఉంది.

గ్యాస్ వాసన వస్తే మాత్రం అది వేరే సమస్య. వంటగ్యాస్ గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది, స్విచ్ వేయొద్దు, తీయొద్దు, రెగ్యులేటర్ ఆపి తలుపులు తెరిచి బయటికి వచ్చి గ్యాస్ లీకేజీ హెల్ప్‌లైన్ 1906కి ఫోన్ చేయండి. కార్బన్ మోనాక్సైడ్ గాలితో సమానంగా కలిసిపోతుంది, దానికి వాసనే లేదు. రబ్బరు ట్యూబ్ మీద తేదీ ఉంటుంది, ఐదేళ్ళు దాటితే మార్చేయండి.


పటమట కోడలు
జనవరి 4, సాయంత్రం 4.05

చదువుతుంటేనే టెన్షన్ వచ్చేసింది. మా ఇంట్లో కూడా గీజర్ బాత్రూంలోనే, బాత్రూం పక్కనే వంటిల్లు. వంటింట్లో కొత్త చిమ్నీ పెట్టించాం, గాలి బాగా లాగుతుంది. స్నానం చేసేటప్పుడు చిమ్నీ ఆన్ చేసి ఉంచితే ఆ వాయువుని లాగేస్తుందా? ఇంకోటి, కుంపటి బదులు కరెంటు రూమ్ హీటర్ పెడితే అది కూడా ఆక్సిజన్ తినేస్తుందంటారు, నిజమా?


సింగ్‌నగర్ గీజర్ మెకానిక్
జనవరి 4, రాత్రి 8.45

అలా చేయొద్దమ్మా, అది ఇంకా చేటు. కిటికీలన్నీ మూసి చిమ్నీ ఫుల్లులో పెడితే ఇంట్లో గాలిని బయటికి తోస్తుంది, ఆ ఖాళీ నిండటానికి గాలి ఎక్కడినుంచో రావాలి, గీజర్ పైకి వదలాల్సిన వేడి గాలిని కూడా కిందికి, ఇంట్లోకి లాగేస్తుంది. చిమ్నీ వేసినప్పుడల్లా ఒక కిటికీ తీసి ఉండాలి. గొట్టం లేని చిమ్నీ అయితే బొగ్గు ఫిల్టర్‌లో జిడ్డు, వాసన పట్టుకుని గాలిని మళ్ళీ వంటింట్లోకే వదులుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌ని ఆపలేదు. చిమ్నీ గురించి అడిగారు కాబట్టి చెబుతున్నా, పండక్కి అరిసెలు, జంతికలు వండే ముందు ఆ జాలీలు తీసి వేడి నీళ్ళలో సబ్బు వేసి కడగండి. సంవత్సరం జిడ్డు పట్టి ఉన్న జాలీ కింద నూనె బాండీ అంటుకుంటే మంట నేరుగా గొట్టంలోకి ఎక్కుతుంది. అంటుకున్న నూనె మీద నీళ్ళు పోయకుండా స్టవ్ ఆపి మూత పెట్టాలి.

కరెంటు హీటర్ ఆక్సిజన్ తినదు, అందులో ఏదీ మండదు కదా. గాలి పొడిబారుతుంది, అంతే. దాని ప్రమాదం వైరింగ్‌లో. 2000 వాట్ల హీటర్ దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది, మన మామూలు చిన్న ప్లగ్గు ఆరు ఆంపియర్లది. ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెడితే గంటలో ప్లాస్టిక్ మెత్తబడుతుంది, రాత్రి నిద్రలో అంటుకుంటుంది. ఏసీకి, ఫ్రిజ్‌కి పెట్టే పెద్ద సాకెట్‌లోనే నేరుగా పెట్టాలి. మంచం, దోమతెర, కర్టెన్ దేనికైనా మూడడుగుల దూరం. ఎర్రగా వెలిగే రాడ్ హీటర్ కంటే ఆయిల్ నింపిన రేడియేటర్ రకం మేలు, గది వెచ్చబడ్డాక ఆపేసి పడుకోవాలి. మన ఊళ్ళో అసలు దాని అవసరం రాదనే నా అభిప్రాయం. బకెట్‌లో వేసే నీళ్ళ హీటర్ వాడేవాళ్ళు ప్లగ్గు పీకాకే నీళ్ళలో చెయ్యి పెట్టండి, ఇనప బకెట్ అసలు వద్దు.


ఒహాయో తెనాలబ్బాయి
జనవరి 5, ఉదయం 9.20

పిన్నిగారూ, మాది తెనాలి, పన్నెండేళ్ళుగా అమెరికాలో కొలంబస్‌లో ఉంటున్నాం. మీ పోస్టు నా భార్య చూపించింది. ఇక్కడ బయట మైనస్‌లో ఉంటుంది, మా ఇంట్లో కట్టెల ఫైర్‌ప్లేస్ ఉంది. మూడేళ్ళ క్రితం అమ్మా నాన్నా వచ్చినప్పుడు జరిగింది చెబుతాను, ఇక్కడ పిల్లల ఇంటికి వచ్చే పెద్దవాళ్ళు చాలామంది ఈ తప్పే చేయొచ్చు.

ఫైర్‌ప్లేస్‌కి పైన పొగగొట్టంలో ఒక ఇనప రేకు మూత ఉంటుంది, డ్యాంపర్ అంటారు. మంట ఉన్నంతసేపూ అది తెరిచి ఉండాలి. ఆ రాత్రి మేం పడుకున్నాక అమ్మ లేచి చూస్తే మంట ఆరిపోయి నిప్పులు మాత్రం ఉన్నాయి, పైనుంచి చల్లగాలి వస్తోంది. వెచ్చదనమంతా పోతోందని ఆ రేకు మూసేసింది. తెల్లవారుజామున మూడింటికి మేడ మీద గది బయట కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. నాన్న హాల్లో సోఫాలో పడుకుని ఉన్నాడు, లేపితే మాట ముద్దగా వస్తోంది. ఆయన్ని భుజం మీద వేసుకుని మంచులోకి వచ్చేశాం, 911కి ఫోన్ చేస్తే ఫైర్‌ వాళ్ళు వచ్చి మీటర్ పెట్టి చూసి, మూడు గంటలు ఇంట్లోకి రానివ్వలేదు. నాన్నకి ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. బూడిద పూర్తిగా చల్లారేదాకా ఆ రేకు ముట్టుకోకూడదు. తీసిన బూడిద కూడా రేకు డబ్బాలో మూత పెట్టి ఇంటికి దూరంగా ఉంచాలి, పైకి చల్లగా ఉన్నా లోపల నిప్పు రోజుల తరబడి ఉంటుంది.

మా చిమ్నీ అప్పటికి నాలుగేళ్ళుగా శుభ్రం చేయించలేదు, అది నా తప్పు. పచ్చి కట్టెలు కాల్చితే గొట్టం లోపల తారు లాంటి పొర పేరుకుంటుంది, దాన్ని క్రియోసోట్ అంటారు, అదే అంటుకుంటే గొట్టమే కాలిపోతుంది. ఏడాదికోసారైనా చిమ్నీ తనిఖీ చేయించాలని ఇక్కడి అగ్నిభద్రత ప్రమాణాలే చెబుతాయి, ఎండిన కట్టె అంటే తేమ 20 శాతం లోపు ఉండాలి. మంచు తుఫానుల్లో కరెంటు పోతే కొందరు బార్బెక్యూ బొగ్గులు గ్యారేజీలో వెలిగిస్తారు, అది అచ్చం మీ కుంపటి కథే.

మీరు చేయాల్సింది ఒకటుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీతో నడిచేది ఇండియాలో కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పొగ అలారం వేరు, ఇది వేరు, కొనేటప్పుడు చూసుకోండి. ఇక్కడి ప్రమాణం ప్రకారం గాలిలో ఆ వాయువు 70 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో 70 పాళ్ళు) ఉంటే గంట నుంచి నాలుగు గంటల్లోపు, 400 ఉంటే 4 నుంచి 15 నిమిషాల్లోపు మోగాలి. దానికీ ఆయుష్షు ఉంటుంది, వెనక రాసిన తేదీ దాటితే మార్చాలి. అలారం కొన్నాం కదా అని కుంపటి మాత్రం పెట్టొద్దు.


భవానీపురం అమ్మ
జనవరి 8, రాత్రి 9.30

అందరికీ పేరుపేరునా దండాలు. నాలుగో తారీఖు పొద్దున్నే ఇద్దరినీ ఆస్పత్రికి తీసుకెళ్ళాం. చెల్లెమ్మ చెప్పినట్టే కుంపటి మాట ముందు చెప్పాను. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి నా వైపు చూసి, ఎంతసేపు, తలుపు ఎంత వేశారు అని అడిగి, బీపీ చూసి, రక్తం తీయించి, పాపని ఆ రోజంతా వాళ్ళ దగ్గరే ఉంచుకున్నారు. అప్పటికి రెండు రాత్రులు గడిచిపోయాయి కాబట్టి రక్తంలో ఏమీ లేదు, పాప చురుగ్గా ఉంది, పాలు తాగుతోంది. అప్పుడే రావాల్సింది అని మాత్రం గట్టిగా అన్నారు.

వదినగారికి రోకలి సంగతి చెప్పాను మాస్టారూ. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, మా అత్తగారు గడపలో పీట అడ్డం పెట్టేది వదినా, నేనే మర్చిపోయాను అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పాప లేవలేదన్న మాట ఆవిడకి మేం అప్పటిదాకా చెప్పలేదు, అది విన్నాక ఆవిడే లేచి వెళ్ళి బొగ్గుల సంచి వాచ్‌మన్ భార్యకి ఇచ్చేశారు, ఇస్తూ ఆరుబయట తప్ప రాజేయొద్దని మూడుసార్లు చెప్పారు. ఇప్పుడు మధ్యాహ్నం పూట పాపని ఆవిడే అమ్మాయి ఛాతీ మీద పడుకోబెట్టి, గంటకోసారి పొట్ట, పాదాలు ముట్టుకుని చూస్తున్నారు.

గీజర్ మంట చూశాను అన్నా. పసుపు నాలుకలే, పైన టైల్స్ మీద నా జానెడు పొడుగు మసి. అది రోజూ చూస్తూనే ఉన్నాను, అగరబత్తి పొగ అనుకునేదాన్ని. నిన్న బయట యుటిలిటీలోకి మార్పించాం, బర్నర్ కూడా మార్చారు, పైపుతో కలిపి మూడు వేల చిల్లర అయింది. అలారం ఆర్డర్ పెట్టాం, ఇంకా రాలేదు.

పదకొండో తారీఖు 21వ రోజు, బారసాల. సాంబ్రాణి వేయకుండా ఎలా అని మా వారు అడిగితే వదినగారే, బాల్కనీలో వేద్దాం, పాపని అటు తీసుకెళ్ళొద్దు అన్నారు. పాప స్నానానికి కూడా పొగ మానేశాం, మెత్తటి తువ్వాలుతో తల తుడుస్తున్నాం. మా కింది అంతస్తులో ఇద్దరు ముసలివాళ్ళు ఉంటారు, వాళ్ళ బాత్రూంలో కూడా గీజర్ లోపలే ఉంది. రేపు పొద్దున్న వెళ్ళి మంట చూసొస్తాను.